ముందు కుర్సీని తిరగేసి చూడు

జనగామ

చిరంజీవి మేనకోడలికి,



నీ ఉత్తరం అందింది. పాత సామాను కొని బాగుచేసే పనిలోకి దిగుతున్నావని, మొదటి విడతలో రెండు టేకు కుర్సీలు, ఒక ఇనుప అల్మారా, ఒక వాల్వు రేడియో దొరికాయని, వచ్చే వారం అన్నిటికీ కొత్త పాలిష్, కొత్త రంగు వేయిస్తానని రాశావు. చదివి చాలా సంతోషపడ్డాను బిడ్డా. మన ఇంట్లో ఈ పిచ్చి ఇంకొకరికి పట్టిందంటే నాకు ధైర్యం వచ్చింది. కానీ ఆ పాలిష్ పని మాత్రం ఇప్పుడే ఆపు. ఈ పనిలో పాలిష్ అన్నిటికన్నా ఆఖరిది. వస్తువు ఏమిటో, ఏ కాలానిదో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకోవడం మొదటిది. ఆ సంగతి చెప్పే ఆధారాలు నువ్వు గీకించాలనుకుంటున్న ఆ పైపొర మీదే ఉంటాయి. ఒకసారి గరుకు కాగితం తిరిగిందంటే వాటిని మళ్లీ ఎవరూ తేలేరు.

కుర్సీని పగటి వెలుతురులో చాప మీద బోర్లించు. సీటు అడుగు, వెనక కాళ్ల లోపలి వైపు, చేతుల కింద, సొరుగు ఉంటే సొరుగు అడుగు చెక్క, అల్మారా అయితే వీపు. ఇవన్నీ ఎవరూ తుడవని, ఎవరూ రంగు వేయని చోట్లు. కాల్చి వేసిన ముద్ర, తెల్ల పెయింటుతో రాసిన నంబరు, సగం చిరిగిన కాగితం చీటీ, వడ్లాయన పెన్సిలుతో పెట్టుకున్న లెక్క, ఏది కనిపించినా ముందు ఫోటో తియ్యి. తడిగుడ్డ కూడా అప్పుడే పెట్టకు.

మన ఊరి సంగతే తీసుకో. జనగామ కాజీపేట-సికింద్రాబాద్ లైన్ మీది స్టేషను. అందుకే ఈ చుట్టుపక్కల పాత ఇళ్లలో, హోటళ్లలో వేలంలో కొన్న రైల్వే బెంచీలు, కుర్సీలు, బల్లలు అప్పుడప్పుడు కనబడతాయి. వాటి మీద మూడు రకాల ముద్రలు ఉండొచ్చు. ఎన్.ఎస్.ఆర్. అని ఉంటే నిజాం స్టేట్ రైల్వేది. కంపెనీ చేతిలో ఉన్న ఆ రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లో తీసుకుంది, 1950లో అది కేంద్ర ప్రభుత్వం కిందికి పోయింది. 1951లో మన లైను సెంట్రల్ రైల్వేలో కలిసింది కనుక సి.ఆర్. అని ఉంటే ఆ తర్వాతిది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది, ఎస్.సి.ఆర్. అక్షరాలు అప్పటి నుంచి. ఒక్కోసారి ఒకే బల్ల మీద పాత ముద్ర పక్కన కొత్త ముద్ర కూడా ఉంటుంది. అలాంటిది దొరికితే వదలకు. రాజ్యాలు మారినా అదే బల్ల మీద టికెట్లు లెక్కపెట్టారన్నమాట. దాని మీద కొత్త మెలమైన్ పూత కొట్టించి, ముద్రలు మాయం చేసి, షోరూములో పెడితే అది ఇంకో టేకు బల్ల, అంతే.

ఈ ముద్రల విలువ ఎంతో చండీగఢ్ సంగతి చూస్తే తెలుస్తుంది. 1950లలో ఆ నగరం కట్టినప్పుడు ఆర్కిటెక్టు లె కార్బూజియేతో పాటు ఆయన బంధువు పియర్ జానరే వచ్చి, 1965 దాకా అక్కడే ఉండి, ఆఫీసులకు, కాలేజీలకు, హాస్టళ్లకు టేకు, బెత్తంతో సామాను గీయించాడు. ఆ పనిలో మన దేశపు ఆర్కిటెక్టులూ ఉన్నారు. వారిలో యూలీ చౌదరి అనే ఆవిడ పేరు నువ్వు గుర్తుపెట్టుకో, ఆమె గురించి దొరికింది చదువు. తిరగేసిన వి ఆకారపు కాళ్ల కుర్సీలు అక్కడివే. కొన్ని దశాబ్దాలు వాడాక ఆఫీసులవాళ్లు వాటిని విరిగిన సామానని మిద్దెల మీద గుట్టలు పోసి, తుక్కు ధరకు వేలం వేశారు. కొన్న విదేశీ వర్తకులు బాగుచేసి పారిస్, లండన్, న్యూయార్క్ వేలం పాటల్లో ఒక్కో కుర్సీని లక్షల రూపాయలకు అమ్మారు. అప్పుడు కళ్లు తెరిచి 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మకాన్ని నిషేధించింది. ఆ కుర్సీల వెనక తెల్ల పెయింటుతో రాసి ఉన్న శాఖ పేరు, నంబరు చూసే ఇది అసలుదని నమ్మేవారు. ఇప్పుడు నకిలీలు చేసేవాళ్లు ఆ అక్షరాలు కూడా రాస్తున్నారు. అందుకే నీకు చండీగఢ్ కుర్సీ అని ఎవరైనా చూపిస్తే ఎగబడకు. అసలుదైతే అమ్మే హక్కు వాళ్లకు ఉందో లేదో తేలాలి, నకిలీదైతే నీ డబ్బు పోతుంది. ఎటు చూసినా మొదట్లో నీకు పనికిరాని బేరం.

ముద్ర లేని వస్తువులకు వేరే దారులున్నాయి. చీటీ మీద అణాల్లో ధర ఉంటే చాలావరకు 1957కు ముందుది. నయా పైసలు 1957 నుంచి 1964 దాకా నడిచాయి. హైదరాబాద్ స్టేట్ అని ఉంటే 1956 నవంబరుకు ముందుదని, ఏ.పి. అని ఉంటే ఆ తర్వాతిదని అనుకోవచ్చు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కనుక కంపెనీ చిరునామాలో ఆరంకెల పిన్ ఉందంటే అంతకన్నా పాతది కాదు. కొలతలు కూడా చూడు. అంగుళాల్లో చక్కగా తెగి, సెంటీమీటర్లలో అడ్డదిడ్డంగా వస్తే పాత పద్ధతి వడ్లాయన చేసిన పని. మన పల్లె వడ్లవాళ్లు ఇప్పటికీ అంగుళాల్లోనే కొలుస్తారు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకొని తీర్పు చెప్పకు.

అతుకుల్లో జిగురు ఇంకా మంచి సాక్షి. తెల్లటి ఫెవికాల్ 1959లో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు ఎముకలు, తోలు ఉడికించి చేసే సరేసు వాడేవారు. కదులుతున్న అతుకు సందులో సూదితో కొంచెం గీరి చూడు. గోధుమరంగులో, గాజు పెంకులా పెళుసుగా రాలితే సరేసు. రబ్బరులా సాగితే ఫెవికాల్. కాకపోతే ఒక్క అతుకులో ఫెవికాల్ కనిపించినంత మాత్రాన కుర్సీ కొత్తది అనకు, మధ్యలో ఎవరో బాగుచేసి ఉంటారు. నాలుగు అతుకులూ చూడు, నాలుగూ ఒకే మాట చెబితే నమ్ము.

కర్ర విషయంలో అమ్మేవాళ్లందరూ చెప్పే మాట ఒకటే, బర్మా టేకు. మన భూపాలపల్లి, మహదేవపూర్, ములుగు అడవుల్లో పెరిగిన టేకు ఏమైపోయిందో మరి. గోదావరి ఒడ్డు టేకు తక్కువదేం కాదు. అడుగున కనపడని చోట ఉలి మొనతో సన్నటి పెచ్చు లేపి చూడు. టేకు అయితే లోపల బంగారు గోధుమరంగు, వేలికి కాస్త నూనె జిడ్డు, ఒకరకమైన తోలు వాసన. అడ్డంగా తెగిన కొసలో ఏడాది వలయాలు వరుసగా కనపడతాయి. బాగా బరువుగా, ఊదా నలుపు చారలతో ఉంటే జిట్రేగి కావచ్చు. జిట్రేగి జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది, దేశం దాటించే ముందు అనుమతి పత్రాల నియమాలు తెలుసుకోవాలి. ఇంకో సంగతి, చాలామంది మామూలు కర్రకు నల్లరంగు పట్టించి జిట్రేగి అంటారు. ఆ చిన్న పెచ్చు లేపితే బండారం బయటపడుతుంది.

పుచ్చు సంగతి కూడా అక్కడే చూసుకో. సన్నటి సూది బెజ్జాలు కనిపిస్తే భయపడకు, అవి పాతవి కావచ్చు. కాళ్ల కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు వదిలెయ్. పిండి రాలితే పురుగు బతికే ఉంది, ఆ వస్తువును మిగతా వాటి నుంచి వేరే గదిలో పెట్టి మందు పెట్టించు. పురుగు తినేది ఎక్కువగా లేతరంగులో ఉండే పైకర్రను, టేకు చేవను అంత తేలిగ్గా ముట్టుకోదు. కాబట్టి పుచ్చిన ముక్క వరకే మార్చితే చాలు, కాలు మొత్తం మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

ఇక నువ్వు కొన్న ఇనుప అల్మారా. దాని తలుపు మీద ఆల్విన్ అని బిళ్ల ఉందని నువ్వు మాటవరసకు రాసి వదిలేశావు. నాకు మాత్రం నీ ఉత్తరం మొత్తంలో ఆ వాక్యమే పండగ. హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ 1942లో, యుద్ధం నడుస్తుండగా, నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థ. ఉక్కు సామాను చేసింది, మన రాష్ట్రం రోడ్ల మీద తిరిగిన బస్సుల బాడీలు కట్టింది, రిఫ్రిజిరేటర్లు చేసింది, 1980లలో జపాన్ సీకో సాయంతో చేతి గడియారాలు చేసింది. సనత్‌నగర్‌లో దాని ఫ్యాక్టరీ చుట్టూ ఒక ఊరే బతికింది. 1990లలో నష్టాల్లో ముక్కలై, రిఫ్రిజిరేటర్ల వ్యాపారం వోల్టాస్‌కు పోయింది. ఇవాళ పాత సామాను వర్తకులు గోద్రెజ్ అంటే లేచి కూర్చుంటారు, ఆల్విన్ అంటే తుక్కు ధర చెబుతారు. నా తీర్పు అడిగితే, తెలంగాణలో ఉండి ఈ పని చేసేవాళ్లు మొదట పట్టించుకోవాల్సింది ఆల్విన్‌నే. మన దగ్గర పుట్టింది, మన దగ్గరే దొరుకుతుంది, ధర ఇంకా చేతికి అందుతుంది. జుమ్మేరాత్ బజారులో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగేటప్పుడు కుర్సీల గొట్టాల మీద, అల్మారాల తాళపు బిళ్లల మీద ఆ పేరు వెతుకు.

దానికి మాత్రం పౌడర్ కోటింగ్ చేయించకు. అసలు రంగు, అది బూడిదరంగో ఆకుపచ్చో, అప్పటి ఆఫీసుల రంగు. తుప్పు ఉన్న చోట కిరసనాయిలు తడిపిన సన్నటి స్టీల్ ఊలుతో మెల్లగా రుద్ది, తుడిచి, ఆరబెట్టి, మైనం పట్టించు. అక్కడక్కడా పెచ్చులూడి ఉంటే ఉండనీ. ఒక జాగ్రత్త చెబుతాను, గట్టిగా పట్టించుకో. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని నిబంధన పెట్టింది 2016లో, అది అమల్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడు. కాబట్టి పాత రంగును పొడిగా గీకి దుమ్ము లేపకు. తప్పనిసరైతే తడిపి గీకు, ముక్కుకు గట్టి మాస్కు పెట్టుకో, పిల్లలను ఆ గది దరిదాపులకు రానివ్వకు.

రేడియోకు కూడా ఒక హెచ్చరిక ఉంది. కొనగానే ప్లగ్గు పెట్టి పాట వినాలని ఉంటుంది. వద్దు. వాల్వు సెట్టు లోపల వందల వోల్టులు తిరుగుతాయి, ఆపేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దశాబ్దాలుగా మూలన పడి ఉన్న కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు తగిలితే పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. తెలిసిన రేడియో మెకానిక్ చేత ముందు విప్పించి చూపించి, సీరీస్ బల్బు పెట్టి మెల్లగా లేపాలి. పైడొప్ప బేకలైట్ అయితే మెత్తటి గుడ్డ, కొంచెం సబ్బునీళ్లు చాలు. లోపల అతికించిన సర్క్యూట్ కాగితం ఊడిపోతే దాన్ని లోపలే కవరులో పెట్టి ఉంచు.

ఇప్పుడు నీ టేకు కుర్సీల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదువు.

కుర్సీ ఊగుతుంటే మేకు కొట్టించకు. పాత కుర్సీని చంపేది చెదలకన్నా మేకే. మేకు కర్ర నారను చీల్చుతుంది, తుప్పుపట్టి నల్ల మరక వదులుతుంది, మళ్లీ అతుకు విప్పనివ్వదు. ఊగే అతుకును పూర్తిగా విప్పాలి. కొయ్య చీల ఉంటే అటువైపు నుంచి సన్నటి కడ్డీ పెట్టి మెల్లగా తట్టి తియ్యి. సరేసు అతుకు అయితే వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు కప్పి ఉంచు, జిగురు మెత్తబడి చేతికే వదులుతుంది. విప్పిన ముక్కలకు ఏ కాలు ఎటువైపో కాగితం చుట్టి రాసిపెట్టు. బెజ్జంలో పాత జిగురు మొత్తం శుభ్రం చెయ్యి, ఫెవికాల్ పాత జిగురుకు సరిగా అంటుకోదు, కర్రకే అంటుకుంటుంది. బెజ్జం వదులైతే సన్నటి టేకు పెచ్చు అతికించి బిగువు తెప్పించు. మళ్లీ కూర్చి, కాళ్ల చుట్టూ నూలు తాడు కట్టి, తాడు మధ్యలో కర్రముక్క పెట్టి మెలిపెట్టు. బిగుసుకున్నాక చదును నేల మీద నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనాయో లేదో చూసి, ఒక రోజంతా కదపకు. సరేసే వాడితే ఇంకా మంచిది, రేపు ఇంకెవరైనా నీలాగే విప్పి బాగుచేసుకోగలుగుతారు.

సీటు బెత్తం చిరిగి ఉంటే వైరుగానీ, ప్లైవుడ్ ముక్కగానీ వేయించకు. చట్రం చుట్టూ బెజ్జాలు ఉంటే అది చేత్తో అల్లిన బెత్తం, ఒక్కో బెజ్జంలోంచి తీసి అల్లాలి. చట్రంలో గాడి మాత్రమే ఉంటే మగ్గం బెత్తం, దాన్ని నానబెట్టి గాడిలో దిగ్గొట్టి, పైన పుల్ల బిగిస్తారు. మన దేశంలో చూపులేనివారికి కుర్సీల అల్లిక ఉపాధిగా నేర్పడం ఎప్పటి నుంచో ఉంది, ఆఫీసుల కుర్సీలు ఎన్నో వాళ్ల వేళ్లు అల్లినవే. నీకు అలాంటి పనివాళ్లు దొరికితే అడిగిన కూలి ఇచ్చి, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకో.

వీటన్నిటి తర్వాతే పైపూత. ముందు అక్కడ ఏముందో తెలుసుకో. కనపడని చోట ఒక చుక్క స్పిరిట్ పెట్టు. కాసేపటికి జిగటగా మెత్తబడితే లక్క పాలిష్. అదైతే నీ అదృష్టం. లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, దూది చుట్టిన నూలుబట్ట ఉండతో పలచగా, పొర మీద పొర వేసుకుంటూ పోవచ్చు. పాత పొర కొత్త పొరలో కలిసిపోతుంది, గీకాల్సిన అవసరమే రాదు. వానాకాలంలో మాత్రం వేయకు, గాలిలో తేమ పట్టి తెల్లగా పొగమంచు కమ్మినట్టవుతుంది. మెలమైన్, పి.యు. పూతలు గట్టివే, మెరుస్తాయి కూడా, కానీ వాటిని తీయాలంటే చాలాసార్లు కర్రనే గీకాల్సి వస్తుంది. యాభై ఏళ్లు చేతులు ఆనిన చోట, మోచేతులు రాసుకున్న చోట కర్ర నున్నగా, ముదురుగా అయి ఉంటుంది చూడు, దాన్ని ఏ పాలిష్‌వాడూ చేసివ్వలేడు.

ఇత్తడి పిడులు, గొళ్లేలు పోయి ఉంటే హైదరాబాద్ పోయి కొత్త డిజైనువి కొనకు. మన పక్కనే పెంబర్తి ఉంది. గుళ్ల వాహనాలకు, ధ్వజస్తంభాలకు ఇత్తడి రేకు తొడిగే విశ్వకర్మలు అక్కడున్నారు. వాళ్ల పనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిగిలిన ఒక్క పిడిని తీసుకెళ్లి చూపిస్తే దానికి జోడీ చేసివ్వగలరు. కొత్తదాని వెనకవైపు చేసిన సంవత్సరం చెక్కించు, రేపు కొనేవాళ్లు మోసపోకూడదు. ఇత్తడి మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. 1958లో డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి, తమ నివేదికలో అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. కాబట్టి సేకరణ అంటే కుర్సీలే అనుకోకు. నీ అమ్మమ్మ అటక మీద ఉన్న చెంబులు కూడా దించి చూడు.

ఆఖరుకు కొనే పద్ధతి. ప్రభుత్వ ఆఫీసు సామాను అయితే వేలం రసీదు లేకుండా ముట్టుకోకు. నూరేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, దేశం దాటించడం నేరం. నువ్వు వెతికే 1940-70ల సామానుకు ఆ చట్టం ఇంకా వర్తించదు, అయినా ఎక్కడిదో రాసిపెట్టుకునే బాధ్యత నీదే. ఇల్లు ఖాళీ చేస్తూ ఏ ముసలమ్మో అమ్ముతుంటే దాని అసలు విలువ ఆమెకు చెప్పి కొను. తక్కువలో కొట్టేసి గొప్ప చెప్పుకునే వర్తకులను చూసి నేర్చుకోకు.

ఇంకోమాట. మన జిల్లాలో దొరల గడీల సామాను కూడా నీ దగ్గరికి వస్తుంది. అమ్మేవాళ్లు నిజాం నవాబు కూర్చున్న కుర్సీ అని చెబుతారు, కొనేవాళ్లు ముచ్చటపడతారు. నువ్వు మాత్రం అది ఏ ఊరి గడీదో అడిగి రాసుకో. తెలంగాణ రైతాంగ పోరాటంలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు 1946 జులై 4న దొడ్డి కొమరయ్య కడవెండిలో పడిపోయిన నేల ఇది. దొర కుర్సీలో ఉంటే ఊరంతా చేతులు కట్టుకొని నిలబడిన నేల. పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదురుతిరిగింది. అలాంటి కుర్సీ ఎంత అందంగా ఉన్నా, దాని పక్కన పెట్టే చీటీలో ఆ ఊరి పేరూ, ఆ కాలం సంగతీ ఉండాలి. రాజసం, వైభవం అని రెండు ముక్కలు రాసి అమ్మితే నాకు నచ్చదు.

ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టుకో. ప్రతి వస్తువుకూ ఒక పేజీ. ఎక్కడ కొన్నావు, ఎవరి ఇంట్లో ఎన్నాళ్లుంది, ఏ ముద్రలున్నాయి, నువ్వు ఏ ముక్క మార్చావు, ఏ జిగురు, ఏ పూత వాడావు. అమ్మేటప్పుడు ఆ పేజీ నకలు వస్తువుతో పాటే పోవాలి.

ఆల్విన్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు సనత్‌నగర్, ఎర్రగడ్డ, మోతీనగర్ బస్తీల్లో వెతికితే ఇంకా దొరుకుతారు. ప్రెస్సు షాపులో రేకు వంచినవాళ్లు, రంగు కొట్టినవాళ్లు, తాళాలు బిగించినవాళ్లు. నీ అల్మారా ఏ సంవత్సరం రకమో తలుపు మడత చూసి చెప్పగలిగేది వాళ్లే, పెద్దవయసువాళ్లు. వచ్చే ఆదివారం సంతకు పోవడం మానుకుని, అల్మారా ఫోటోలు తీసుకుని ముందు వాళ్ల దగ్గరికి పో.

ఇట్లు,
నీ మేనమామ